డబ్బాలోని బలమా? పళ్ళెంలోని బలమా?
మాంసకృత్తుల పొడి కొనదలచిన కుటుంబాలు ముందుగా తెలుసుకోవలసిన సంగతులు

దీపావళి బోనసు చేతికందిన వారం తిరుప్పూరులో ఏ దుకాణం ముందు చూచినా జనసందోహమే. బనియన్ కంపెనీలలో కుట్టుపని, చెకింగ్ పని చేసుకునే కుటుంబాలకు ఏడాదిలో ఒక్కమారు చేతికి వచ్చే పెద్ద మొత్తం అది. ఆ సొమ్ముతో కొందరు బాకీలు తీరుస్తారు, కొందరు పిల్లలకు బట్టలు కొంటారు. ఇటీవలి కాలంలో ఈ జాబితాలోకి ఒక కొత్త వస్తువు వచ్చి చేరింది. అది ప్రోటీన్ పొడి డబ్బా.

పోయిన దీపావళి తరువాత మా వీధిలోని ఒక తల్లి పెద్ద నల్ల డబ్బా చంకన పెట్టుకొని మా ఇంటికి వచ్చింది. “అయ్యవారూ, దీంట్లో ఏముందో చదివి చెప్పండి. మా పిల్లోడు ఇది తాగితేనే ఒళ్ళు వస్తుందంటున్నాడు. రెండువేల ఎనిమిది వందలు పోసి కొన్నాడు. పదిహేను రోజులకొక డబ్బా కావాలంట” అన్నది. మూడు కిలోల డబ్బా అది. వెనుకవైపు పట్టిక చదివితే నూరు గ్రాములలో మాంసకృత్తులు 15 గ్రాములు. మిగిలినదానిలో అధికభాగం మాల్టోడెక్స్‌ట్రిన్, అనగా పిండి పదార్థం నుండి తీసిన పొడి. ఆ మాట చెప్పగానే ఆమె, “అంటే గంజిపొడా?” అని అడిగింది. “గంజి కాదమ్మా, గంజికి దూరపు చుట్టం” అన్నాను.

ఆ అబ్బాయి మూర్ఖుడు కాడు. పోలీసు ఎంపికల కోసం తెల్లవారుజామున లేచి పరుగెత్తుతున్నాడు, సాయంత్రం వ్యాయామశాలకు వెళుతున్నాడు. శ్రమించే పిల్లవాడికి బలమైన తిండి కావాలనుకోవడం తప్పు కాదు. ఆ బలాన్ని ఎక్కడ కొనాలో, ఎంతకు కొనాలో, అసలు కొనాలో వద్దో చెప్పేవారు లేకపోవడమే ఇక్కడి చిక్కు. మన ఇండ్లలో మాటలు తెలుగు, బడిలో చదువు తమిళం, డబ్బాపైన రాత ఆంగ్లం. ఆహారపు పొట్లాలపై వివరాలు ఆంగ్లంలోగాని దేవనాగరి లిపిలోని హిందీలోగాని ఉంటే చాలునని 2020 నాటి లేబులింగు నిబంధనలు చెబుతున్నాయి. తక్కిన భాషలలో ముద్రించవచ్చుగాని, ముద్రించి తీరాలన్న నిర్బంధం లేదు. కనుక ముందువైపు బొమ్మలోని కండలు అందరికీ అర్థమవుతాయి, వెనుకవైపు అంకెలు ఎవరికీ అర్థం కావు. ఈ లోటును కొంతైనా పూరించాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ పొడి అసలు ఏమిటి?

పాలలో నిమ్మరసం పిండితే విరిగి గడ్డ ఒకవైపు, పలుచని తేట ఒకవైపు అవుతాయి. ఆ తేటలోనూ మాంసకృత్తులు ఉంటాయి. పాలలోని మొత్తం మాంసకృత్తులలో రమారమి ఐదింట నాలుగు వంతులు గడ్డలోకి, ఒక వంతు తేటలోకి పోతాయి. చీజ్ తయారుచేసే కర్మాగారాలలో మిగిలిపోయే ఈ తేటను వడగట్టి, ఎండబెట్టి పొడి చేస్తే దానినే వే ప్రోటీన్ అంటారు. ఒకప్పుడు పారబోసిన నీరే ఇప్పుడు డబ్బాలకెక్కింది.

ఇందులో మూడు తరగతులు. కాన్సెంట్రేట్ అన్నదానిలో మాంసకృత్తులు సాధారణంగా 70 నుండి 80 శాతం వరకు ఉంటాయి. ఐసొలేట్‌లో 90 శాతం వరకు ఉంటాయి, పాలచక్కెర బహు తక్కువ. హైడ్రొలైజేట్ అన్నది ముందే కొంత విడగొట్టినది, ధర మరీ ఎక్కువ. పాలు పడనివారి కోసం సోయా, బఠాణీ వంటి వాటి నుండి తీసిన పొడులు కూడా ఉన్నాయి. ఇక మా వీధి పిల్లవాడు కొన్న మాస్ గెయినర్ ఈ మూడింటిలో దేనికీ చెందదు. అందులో ప్రధానంగా ఉండేది పిండి, చక్కెరలే. బరువు పెరుగుతుంది, కాని పెరిగిన బరువంతా కండ కాదు.

ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఈ పొడి విషమూ కాదు, అమృతమూ కాదు. అది పాల నుండి తీసిన ఒక ఆహార పదార్థం మాత్రమే. కండను కట్టేది కండకు పెట్టిన పని. తిండి అందుకు ఇటుక, నిద్ర అందుకు మేస్త్రీ. పని లేకుండా ఇటుకలు తెచ్చి కుప్ప పోసినంత మాత్రాన గోడ లేవదు.

మనకు కావలసినది ఎంత?

ఈ లెక్క కట్టిన సంస్థకు మన ప్రాంతంతో పాత చుట్టరికం ఉంది. 1918లో మన పొరుగునే నీలగిరి కూనూరులో బెరిబెరి వ్యాధిపై పరిశోధనకు చిన్న కేంద్రంగా పుట్టిన సంస్థే 1958లో హైదరాబాదుకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధి చెందింది. ఆ సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం, ఆరోగ్యవంతులైన పెద్దలకు శరీరపు బరువులో ప్రతి కిలోకు దినానికి 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలును. అనగా 60 కిలోల మనిషికి 50 గ్రాములు. బరువులెత్తే వ్యాయామం చేసేవారికి ఇంకొంత ఎక్కువ కావాలి. కిలోకు 1.6 గ్రాములు దాటిన తరువాత అదనంగా తిన్నదాని వలన కండకు చెప్పుకోదగిన లాభం కనబడలేదని 2018లో వెలువడిన ఒక సమగ్ర విశ్లేషణ తేల్చింది. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టిన పిల్లవాడు కిలోకు 1.2 గ్రాములు, అనగా దినానికి 72 గ్రాములు లక్ష్యంగా పెట్టుకుంటే ధారాళంగా సరిపోతుంది.

ఈ 72 గ్రాములు ఇంటి వంటలో వస్తాయా? లెక్క వేద్దాం. మూడు పూటలకు కలిపి 300 గ్రాముల బియ్యం అనుకుంటే 22 గ్రాములు. 60 గ్రాముల పప్పులో 13. రెండు కోడిగుడ్లలో 13. పాలు, పెరుగు కలిపి 400 మిల్లీలీటర్లలో 13. ముప్పది గ్రాముల వేరుశెనగలలో 7. సాయంత్రం తినే 50 గ్రాముల పుట్నాలలో 10. మొత్తం 78 గ్రాములు! డబ్బా మూత తీయకుండానే అవసరం తీరింది. పైగా బియ్యంలో లోటుగా ఉండే లైసిన్ పప్పులో ఉంది, పప్పులో లోటుగా ఉండేది బియ్యంలో ఉంది. పప్పన్నం కలిపి తినమన్న మన పెద్దలకు ఈ పేర్లు తెలియవుగాని, ఫలితం తెలుసు.

ఈ జాబితాలో ఉలవలను చేర్చలేదు. కొంగునాటి కొల్లు పప్పు, మన ఇండ్లలోని ఉలవచారు, గుగ్గిళ్ళు జ్ఞాపకం చేసుకోండి. నూరు గ్రాముల ఉలవలలో రమారమి 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఎడ్లకు పెట్టి బలం చూచినవారం మనం. పెరటిచెట్టు మందుకు పనికిరాదన్న సామెత మన విషయంలో ఇట్లా నిజమవుతున్నది.

లేబులును ఎంతవరకు నమ్మవచ్చు?

2024 సంవత్సరం ఈ వ్యాపారానికి గడ్డుకాలం తెచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో కేరళకు చెందిన కాలేయ వైద్యుడు డాక్టర్ సిరియాక్ ఆబీ ఫిలిప్స్, ఆయన సహచరులు మన దేశపు విపణిలోని 36 ప్రోటీన్ పొడులను పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. వాటిలో సుమారు 70 శాతం డబ్బాలపై రాసిన మాంసకృత్తుల పరిమాణం సరికాదని తేలింది. సుమారు 14 శాతం నమూనాలలో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం, 8 శాతం నమూనాలలో పురుగుమందుల అవశేషాలు కనిపించాయి. మరుసటి నెలలోనే జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి వెలువరించిన 17 ఆహార మార్గదర్శకాలలో, ఒళ్ళు పెంచుకోవడానికి ప్రోటీన్ పొడులు వాడవద్దని సూచించాయి. వాటిలో చక్కెరలు, కృత్రిమ తీపి పదార్థాలు ఉండవచ్చునని, నిత్యం వాడడం మంచిది కాదని హెచ్చరించాయి.

విదేశీ సరుకయితే భయం లేదనుకోవడం కూడా పొరపాటే. 2025 అక్టోబరులో అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 23 ఉత్పత్తులను పరీక్షించగా, మూడింట రెండు వంతులకు పైబడిన వాటిలో ఒక్క మోతాదులోనే, ఆ సంస్థ నిపుణులు దినానికి మించరాదన్న హద్దును దాటి సీసం ఉన్నట్లు తేలింది. మొక్కల నుండి తీసిన పొడులలో ఈ దోషం ఎక్కువగా కనబడింది.

అంకెలలో మోసం ఎట్లా జరుగుతుంది? మాంసకృత్తులను కొలిచే పాత పద్ధతి నేరుగా వాటిని కొలవదు. పదార్థంలోని నత్రజనిని కొలిచి, దాని నుండి మాంసకృత్తులను లెక్క కడుతుంది. కనుక గ్లైసిన్, టారిన్ వంటి చౌక పదార్థాలు కలిపితే నత్రజని పెరుగుతుంది, కాగితంపై మాంసకృత్తులు పెరుగుతాయి, పిల్లవాడి ఒంటికి మాత్రం చేరవు. ఈ కొలత లొసుగు ఎంత ఘోరానికి దారితీయగలదో 2008లో చైనా చూపింది. నీళ్ళు కలిపిన పాలలో మెలమిన్ అనే రసాయనం చేర్చి లెక్క సరిచేశారు. ఆరుగురు పసివారు మరణించగా, దాదాపు మూడు లక్షలమంది శిశువులు జబ్బుపడ్డారు.

పేర్లలోని మాయ మరొకటి. పాలలో కలుపుకునే మాల్టు పొడులను ఆరోగ్య పానీయాలని మనం తరతరాలుగా పిలుస్తున్నాం. ఆహార భద్రతా చట్టంలో అటువంటి వర్గమే లేదని, వాటిని ఆ శీర్షిక కింద అమ్మరాదని 2024 ఏప్రిల్‌లో కేంద్రం అంతర్జాల విక్రయ సంస్థలకు చెప్పింది. నిర్దేశించిన పాళ్ళలో లేని తీపి పానీయాలపై ఓ.ఆర్.ఎస్. అనే పేరు వాడరాదని 2025 అక్టోబరులో ఆదేశం వచ్చింది. దీని వెనుక హైదరాబాదుకు చెందిన శిశువైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏండ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. ఒక్క వైద్యురాలు పట్టుబడితే పేరు మారింది. కొనేవారంతా అడగడం మొదలుపెడితే ఇంకెంత మారుతుందో ఊహించవచ్చు.

అయినా కొనదలిస్తే

అందరూ మానివేయండని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. రెండు షిఫ్టుల పని మధ్య సరిగా తినే వీలులేని యువకులున్నారు. గుడ్డు, మాంసం ముట్టని ఇండ్లున్నాయి. అటువంటివారు కొనదలిస్తే ఈ క్రింది సంగతులు గమనించవలసి ఉంటుంది.

మొదటిది, ముందువైపు బొమ్మను వదలి వెనుకవైపు పట్టికలో నూరు గ్రాములకు మాంసకృత్తులు ఎంతో చూడండి. 70కి తక్కువైతే మీరు కొంటున్నది ప్రోటీన్ పొడి కాదు, మరేదో మిశ్రమం. రెండవది, పదార్థాల వరుస చదవండి. ఎక్కువగా ఉన్నది ముందు, తక్కువగా ఉన్నది చివర రాయాలన్నది నియమం. మొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్ లేదా చక్కెర అయితే డబ్బాను తిరిగి అరలో పెట్టివేయండి. గ్లైసిన్, టారిన్ విడిగా చేర్చినట్లు రాసి ఉంటే అనుమానించండి. మూడవది, 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య, తయారీ తేదీ, గడువు, సీలు సరిచూడండి. అయితే లైసెన్సు ఉన్నదంటే తయారీదారు నమోదు అయ్యాడని అర్థమేగాని, ఆ డబ్బాను ఎవరో పరీక్షించారని కాదు. నాల్గవది, విడిగా సంచులలో పోసి అమ్మే పొడిని, రసీదు ఇవ్వని దుకాణాన్ని దూరంగా ఉంచండి.

ఐదవది, పోటీలలో పాల్గొనే పిల్లల విషయం. నిషేధిత ఉత్ప్రేరకాలు కలిసిన పొడి తెలియక తాగినా, పరీక్షలో పట్టుబడితే బాధ్యత క్రీడాకారునిదే అన్నది అంతర్జాతీయ నియమం. “నాకు తెలియదు” అన్న మాటతో నిషేధం తప్పించుకోవడం కష్టం. అటువంటివారు ఇన్‌ఫార్మ్‌డ్ స్పోర్ట్ వంటి స్వతంత్ర సంస్థలు పరీక్షించిన గుర్తు ఉన్నవాటినే ఎంచుకోవాలి. ఆరవది, మూత్రపిండాల జబ్బు, కాలేయపు జబ్బు, మధుమేహం ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా వీటిని ముట్టరాదు. ఎదిగే పిల్లలకు భోజనానికి బదులుగా ఇవ్వరాదు. పాలు పడనివారికి కాన్సెంట్రేట్‌తో కడుపుబ్బరం రావచ్చు, వారికి ఐసొలేట్ కొంత మేలు. వాడినా దినానికి ఒక్క మోతాదు చాలు.

మోసపోయామనిపిస్తే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయవచ్చు. ఆహార భద్రతా చట్టం 2006లోని 40వ సెక్షను సామాన్య కొనుగోలుదారుకు కూడా ఒక హక్కు ఇచ్చింది. కొనేటప్పుడే దుకాణదారుకు ఆ సంగతి చెప్పి, రుసుము చెల్లించి, సరుకును ప్రభుత్వ ఆహార విశ్లేషకుని చేత పరీక్ష చేయించుకోవచ్చు. దోషం రుజువైతే ఆ రుసుము తిరిగి వస్తుంది. ఈ హక్కు ఉన్నదని తెలిసినవారు మన గ్రామాలలో ఎందరు?

రూపాయల లెక్క

ధరను డబ్బాకు కాదు, గ్రాము మాంసకృత్తులకు లెక్క వేయాలి. ఉదాహరణకు మా వీధి పిల్లవాడి డబ్బాలో మూడు కిలోలకు 450 గ్రాముల మాంసకృత్తులు. 2,800 రూపాయలను 450తో భాగిస్తే గ్రాముకు 6 రూపాయల 20 పైసలు. కిలో 2,400 రూపాయలకు 75 శాతం ఉన్న మంచి కాన్సెంట్రేట్ దొరికితే గ్రాము 3 రూపాయల 20 పైసలు. గుడ్డు 7 రూపాయలనుకుంటే గ్రాము రూపాయికి కాస్త ఎక్కువ. కిలో 160 రూపాయల వేరుశెనగలలో 64 పైసలు. కిలో 120 రూపాయల పుట్నాలలో 57 పైసలు. కిలో 160 రూపాయల సోయా ముక్కలలో 31 పైసలు. ధరలు మీ ఊరి అంగడినిబట్టి మారవచ్చు, లెక్క వేసే పద్ధతి మారదు. చౌకగా కనిపించిన పెద్ద డబ్బాయే అన్నింటికన్నా ఖరీదైనదని తేలడం గమనించదగినది.

అసలు లోటు ఎవరి పళ్ళెంలో?

ఇంత చెప్పిన తరువాత అసలు ప్రశ్నకు వద్దాం. మన ఇండ్లలో మాంసకృత్తుల లోటు ఎవరికి ఉంది? వ్యాయామశాలకు వెళ్ళే పిల్లవాడికా? శనివారం కూలి చేతికి వచ్చిననాడు కూర వండే ఇంటిలో, గురు, శుక్రవారాలలో పప్పు పలుచబడి చారవుతుంది. ఆ చారు కూడా అందరూ తిన్న తరువాత మిగిలితేనే తల్లికి. పన్నెండు గంటలు మిషను ముందు కూర్చుని వచ్చిన ఆడపిల్ల టీ, బన్నుతో సరిపెట్టుకుంటుంది. వయసు మీరినకొద్దీ కండ తరిగిపోయే తాత, అవ్వలకు రాత్రి గంజి చాలునని మనమే తీర్మానిస్తాం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు తిరుప్పూరుకు ఆర్డర్లు తగ్గాయి. ఆదాయం తగ్గిన ఇంట ముందుగా కోతపడేది గుడ్డు, పాలే. నెలకు 5,600 రూపాయలు ఒక్కరి డబ్బాలకు పోతే, అదే సొమ్ముకు ఏడు రూపాయల చొప్పున 800 గుడ్లు వస్తాయి. ఐదుగురున్న ఇంటికి తలకు దినానికి ఐదేసి గుడ్లు!

మరొక వైపరీత్యం చూడండి. పల్లడం పేరు చెబితే దేశంలోని బ్రాయిలర్ కోళ్ళ వ్యాపారులంతా చెవులు రిక్కిస్తారు. అక్కడి సమన్వయ సంఘం ప్రకటించే ధరను దక్షిణాది అంతా గమనిస్తుంది. ఉడుమలైపేటలో 1984లో పుట్టిన సుగుణ సంస్థ ఒప్పంద పెంపకాన్ని ఇంటింటికీ తెచ్చింది. కొద్ది దూరంలోని నామక్కల్ గుడ్లకు నిలయం. ఇంతటి మాంసకృత్తుల గని మధ్య కాపురముంటూ, ఎక్కడి చీజ్ కర్మాగారపు తేటకో మనం బోనసు సొమ్ము ధారపోస్తున్నాం. కోళ్ళ కొట్టం నడిపే ఇంటి పిల్లవాడే డబ్బా కొనడం నేను చూచాను.

ఆకలిగొన్న పిల్లలకు బడిలో తిండి పెట్టాలన్న ఆలోచనకు చెన్నపట్నంలో నాంది పలికినవారు తెలుగువారైన పిట్టి త్యాగరాయ శెట్టిగారు. 1920లో నగరపాలక సంస్థ అధ్యక్షునిగా థౌజండ్ లైట్స్ పాఠశాలలో ఆయన మధ్యాహ్న భోజనం ప్రారంభింపజేశారు. 1982లో ఎం.జి. రామచంద్రన్ దానిని విస్తృత పథకంగా మలచారు. తరువాత గుడ్లు చేరాయి. 2022 సెప్టెంబరు 15న మదురైలో ఉదయపు టిఫిను పథకం మొదలైంది. ఒక శతాబ్దంపాటు పాలకులు, ఉపాధ్యాయులు, వంట ఆయమ్మలు కలిసి నేర్చిన పాఠం ఒక్కటే. బలం అన్నది అందరి పళ్ళెంలోకి రోజూ కొంచెం కొంచెంగా రావాలి. ఒకరి డబ్బాలోకి ఒక్కమారుగా వచ్చేది కాదు.

ఆ తల్లికి డబ్బా సొమ్ము తిరిగి రాలేదు. సీలు తీసిన సరుకు వాపసు తీసుకోమన్నారు దుకాణంవారు. అయితే ఆ సాయంత్రం ఆ పిల్లవాడిని కూర్చోబెట్టి, పైన చెప్పిన లెక్కంతా అతని చేతనే కాగితంపై వేయించాను. చివరి అంకె చూచి కాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు వారి ఇంట వారానికి ఒక అట్ట గుడ్లు తెస్తున్నారు. ముప్పది గుడ్లలో తనకు దినానికి రెండు, మిగిలినవి అమ్మకు, చెల్లెలికి, అవ్వకు. పరుగు ఆపలేదు, వ్యాయామమూ ఆపలేదు. ఎంపికలలో నెగ్గుతాడో లేదో ఇంకా తెలియదు. నెగ్గినా నెగ్గకున్నా, ఆ ఇంట పళ్ళేలు మాత్రం మునుపటికన్నా నిండుగా ఉన్నాయి.

ఈ ఏటి బోనసు వచ్చేలోగా ప్రతి ఇంటిలోను ఒకసారి ఈ లెక్క వేసి చూడవలసిందిగా పాఠకులకు నా మనవి.